గుండు ఎంత తూగుతుందన్నా?

కుప్పం దగ్గర మా శాంతిపురం పక్క తూకం తెలియని మనిషి లేడు. పాల కేంద్రంలో క్యాను దించితే వెన్న ఎంతో చుక్క తర్వాతి అంకె దాకా చూసి రాస్తారు. నిన్న 3.6 ఉన్నది ఇవాళ 3.4 అయిందంటే ఇంటికొచ్చి ఆవును నిలదీసే రైతులున్నారు. పట్టుగూళ్లు మార్కెట్టుకు తోలితే నాసి గూళ్లు ఏరి పక్కన పెట్టి, మిగిలినవే కాటా వేస్తారు. మదనపల్లెలో టమాటా దించేవాడికి కమీషను, హమాలీ, 'జాక్‌పాట్' అనే ముద్దుపేరుతో ఊరికే పోయే బుట్టలు, అన్నీ నోటికి వచ్చు. పండించింది ఏదైనా సరే, ఇంటి దగ్గర ఉన్నంత బరువు మండీ దగ్గర ఉండదు. దార్లో ఎక్కడ కరిగిపోతుందో దేవుడికే ఎరుక.

ఇంత కరువు సీమలో, కాటా దాకా పోకుండానే బరువు పెరిగే సరుకు ఒకటుంది. దానికి నీళ్లక్కర్లేదు, ఎరువక్కర్లేదు, వెయ్యి అడుగుల బోరక్కర్లేదు. మైకు ఒక్కటుంటే చాలు. అదే జాతరల్లో, సంక్రాంతి సంబరాల్లో మన కుర్రాళ్లు ఎత్తే రాతి గుండు.

పొద్దున గుడి ముందర మట్టిలోంచి దొర్లించి, సున్నం పూసి, పసుపు కుంకుమ పెట్టినప్పుడు ఆ గుండు 'వంద కిలోలుంటుందప్పా'. మధ్యాహ్నం షామియానా లేచి, డీజే బాక్సులు దిగి, మైకు పట్టిన అన్న గొంతు సవరించుకునేసరికి నూట ఇరవై. ముఖ్య అతిథి కారు దిగి కండువా సర్దుకునేలోపు నూట యాభై. కుర్రాడు దాన్ని భుజానికెత్తి వెనక్కి విసిరేసరికి 'రెండు క్వింటాళ్ల బండరాయిని పూచికపుల్లలా ఎత్తిన కలియుగ భీముడు' అని వాట్సాప్ స్టేటస్. సాయంత్రం కల్లుదుకాణం దగ్గర లెక్క ఇంకా పెరుగుతుంది గానీ, అది పోటీ నియమావళి పరిధిలోకి రాదు.

గుండు మాత్రం పొద్దున ఎంతుందో అంతే ఉంది పాపం. దానికి ఇవేమీ తెలియవు.

'గుండు ఎంత తూగుతుందన్నా?' అని కమిటీవాళ్లను అడిగి చూడండి. ముందు నవ్వుతారు. తర్వాత మీది ఏ ఊరని అడుగుతారు. ఆ తర్వాత ఒక పెద్దాయన ముందుకొచ్చి, 'మా తాత కాలం నుంచి నూట యాభై అంటా ఉండారు సామీ, ఇప్పుడు నువ్వొచ్చి తూస్తావా?' అంటాడు. తాత కాలంలో కిలోలే లేవు. మణుగులు, వీశెలు. మన దేశంలో మెట్రిక్ తూకాలు వచ్చిందే 1950ల చివర్లో. అంటే తాతగారు కిలోల్లో చెప్పారంటే, గుండు కంటే ఆయన జ్ఞానమే బరువైనది.

సరే, తూచొద్దు. దేవుడి గుండు, కాటా మీద పెడితే దిష్టి తగులుతుందనే కొత్త శాస్త్రం కూడా ఒకటి పుట్టింది. మరి కొలవొచ్చు కదా? ఊళ్లో టైలరు దగ్గర టేపు అడిగి తెచ్చుకోండి. అది 60 అంగుళాలుంటుంది. గుండు బాగా ఉబ్బిన చోట చుట్టండి. మన చుట్టుపక్కల దొరికే గ్రానైటు ఘనమీటరుకు సుమారు 2.7 టన్నులు తూగుతుంది. కుప్పం చుట్టూ ఉన్న క్వారీల్లో దిమ్మెలు లోడు చేయించే మేస్త్రీని అడగండి, నిద్రలో లేపినా చెబుతాడు, ఆయన బతుకే ఆ లెక్క మీద నడుస్తుంది. గుండ్రటి రాయికి బడిలో చెప్పిన గోళం సూత్రం వేస్తే, చుట్టుకొలత 43 అంగుళాలున్న గుండు దాదాపు 60 కిలోలు. 50 అంగుళాలైతే 93. 55 అయితే 125. టేపు చుట్టూ తిరిగి కొసకు కొస సరిగ్గా ముట్టిందా, 160. చుట్టి ఇంకా టేపు మిగిలిందంటే ఆ గుండు 160 లోపే, మైకులో అన్న ఎంత అరిచినా సరే.

ఇక్కడ కన్ను మోసం చేస్తుంది, ఆ సంగతి ఒప్పుకోవాలి. 43 అంగుళాల గుండునూ 54 అంగుళాల గుండునూ పక్కపక్కన పెడితే 'ఇది కొంచెం పెద్దదిలే' అనిపిస్తుంది అంతే. బరువు మాత్రం రెట్టింపు. చుట్టుకొలత కొద్దిగా పెరిగితే బరువు ఎగబాకుతుంది. అలాగే, మనం చూసే గుండు మనసులో కొద్దిగా పెరిగినా చాలు, నోట్లోకి వచ్చేసరికి అంకె రెట్టింపవుతుంది. చుట్టుకొలత టేపుకు దొరుకుతుంది గానీ మైకుకు దొరకదు.

ఆ టేపు పట్టుకుని ఊళ్ల మీద పడితే, ఎక్కువ గుడుల ముందర పడున్న గుండ్లు అరవై నుంచి తొంభై కిలోల మధ్య తేలతాయని నా అనుమానం. అనుమానమే, పందెం కాస్తానని చెప్పను. అయితే ఒక మాట గట్టిగా చెబుతాను. అరవై కిలోల నున్నటి గుండును, పట్టు దొరకని గుండును, వట్టి చేతుల్తో నేల మీంచి లేపి, తొడల మీదికి తెచ్చుకుని, ఒక్క ఊపిరితో రొమ్ముకెత్తి, భుజం దాటించడం మామూలు పని కాదు. యాభై కిలోల సిమెంటు బస్తాకు మూలలుంటాయి, వేళ్లకు పట్టు దొరుకుతుంది. జిమ్ములో కడ్డీకి గరుకు గీతలుంటాయి. గుండుకు ఏమీ లేదు, చెమట పట్టిన చేతుల్లోంచి చేపలా జారుతుంది. ఎత్తేవాడి ముంజేతుల లోపలి వైపు చూడండి, తోలు లేచి ఎర్రగా కమిలి ఉంటుంది. అరవై కిలోల బరువుండే పిల్లోడు తనంత బరువు రాయిని అట్లా ఎత్తినాడంటే అది నిజమైన గొప్ప.

ఆ గొప్పను కమిటీవాళ్లే దోచుకుంటున్నారు. వాడు ఎత్తింది నిఖార్సైన అరవై. దానికి నూట యాభై అని పేరు పెట్టి, వాడి ఒంట్లోంచి వచ్చిన అరవైని కూడా అబద్ధంలో కలిపేస్తున్నారు. రేపు ఆ పిల్లోడు జిల్లా స్థాయి వెయిట్‌లిఫ్టింగ్‌కు పోతే అక్కడ తూకం ముద్ర వేసిన బిళ్లలుంటాయి. అక్కడ ఎనభై లేపలేక తడబడితే, 'ఊళ్లో నూట యాభై ఎత్తినావంట కదరా!' అని అడుగుతారు. వాడేం చెప్పాలి? ఊళ్లో రాయి మంచిదండీ, ఇక్కడి ఇనుము చెడ్డదండీ అనాలా?

అంతర్జాతీయ పోలిక కూడా చూద్దాం, మైకు అన్నలకు అదంటే మహా ఇష్టం. 'ప్రపంచంలో ఎక్కడా ఇట్లాంటి ఎత్తుడు చూడలేదు' అనడం వాళ్ల ఊతపదం. 1977లో మొదలైన 'వరల్డ్స్ స్ట్రాంగెస్ట్ మ్యాన్' పోటీల్లో అట్లాస్ రాళ్లని గుండ్రటి రాళ్లెత్తే పందెం ఉంది. వాటి బరువు సుమారు వంద నుంచి రెండు వందల కిలోల దాకా. ఎత్తేవాళ్లలో చాలామంది నూట యాభై కిలోల పైనుండే కొండలు. జారకుండా చేతులకు జిగురు పూసుకుంటారు. అంతా చేసి రాయిని ఒక దిమ్మె మీద పెడతారు, అంతే. మన దగ్గర అరవై కిలోల పిల్లోడు, జిగురు లేకుండా, పొద్దుట తిన్న రాగిముద్దతో, రెండు క్వింటాళ్లు భుజం మీంచి వెనక్కి విసురుతున్నాడు. ఇది నిజమైతే అర్జెంటుగా విమానం టిక్కెట్టు తీయాల్సింది పోయి, శాలువా కప్పి ఇంటికి పంపించేస్తున్నామే! ఎంత దుర్మార్గులం మనం!

రాగిముద్ద అంటే గుర్తొచ్చింది. 'ఇది రాగిముద్ద బలం, ఉలవచారు బలం' అని మైకులో అరుస్తుంటే వెనకాల ఫ్లెక్సీ మీద ప్రోటీన్ పౌడరు డబ్బా బొమ్మ ఆరడుగులుంటుంది. స్పాన్సరు జిమ్ము వాళ్లది. ముద్ద పేరు మైకుకు, బిల్లు డబ్బాకు. ఆ ఫ్లెక్సీలో నాయకుల ఫొటోలు సైజు ప్రకారం వరుసగా ఉంటాయి. మాది ముఖ్యమంత్రి నియోజకవర్గం కుప్పం, 1989 నుంచి ఎమ్మెల్యే ఒక్కరే, కాబట్టి వరుసలో మొదటి స్థానానికి తగాదా లేదు. అసలు తగాదా రెండో వరుసలో ఎవరి తల ఎంత పెద్దదన్నది. గుండు ఎత్తబోయే పిల్లోళ్ల ఫొటోలు మాత్రం ఆధార్ కార్డు సైజులో అడుగున, మేకు కొట్టే చోట.

బరువు పెంచి చెప్పే ఈ రోగం మనకొక్కరికే లేదు. పెద్దలు కూడా దీనికి లోనైనవాళ్లే. కుస్తీలో ఓటమెరుగని గామా పహిల్వాన్ 1902లో బరోడాలో 1200 కిలోల రాయి ఎత్తాడని దేశమంతా చెప్పుకుంటుంది. ఆ రాయిని బరోడా మ్యూజియంలో పెట్టి చూపిస్తున్నారు కూడా. ఐస్‌లాండ్ వస్తాదు హాఫ్‌థోర్ బ్యోర్న్‌సన్ 2020లో 501 కిలోల కడ్డీని నేల మీంచి తొడల దాకా లేపితే ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. దానికి ముందు, 2016లో 500 ఎత్తిన ఇంగ్లండువాడు ఎడ్డీ హాల్‌కు ముక్కులోంచి రక్తం కారింది. అట్లాంటిది గామా 1200 లేపాడు, అదీ పట్టు లేని రాయిని. గామాను తక్కువ చేసి మాట్లాడేంత మొనగాణ్ని కాను. ఆయన ప్రపంచ స్థాయి మల్లుడు, 1910లో లండన్ పోయి ఝిబిష్కో అనే మల్లుణ్ని నేలకు దించి రెండున్నర గంటలకు పైగా వదలకుండా పట్టినవాడు. ఆ పోరుకు సాక్షులున్నారు, కాగితాలున్నాయి. అది వదిలేసి మనం రాయి పట్టుకుని వేలాడతాం. ఉన్న గొప్ప చాలదా మనకు?

మన కోడి రామ్మూర్తి నాయుడుగారిదీ ఇదే కథ. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పి, సర్కస్ పెట్టి ఊరూరూ తిరిగిన మహాబలుడు. రొమ్ము మీద గొలుసులు తెంచాడంటారు, రెండు చేతులకు రెండు మోటార్లు కట్టించుకుని నిలిపాడంటారు, గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్నాడంటారు. 'ఇండియన్ హెర్క్యులస్' అన్నారు, 'కలియుగ భీముడు' అన్నారు. 1942లో కన్నుమూశారు, విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. ఏనుగు విద్యలో చెక్క పరిచి బరువు పంచే నేర్పు ఉంటుంది, గొలుసు విద్యలో ఊపిరి బిగించే నేర్పు ఉంటుంది, ఏళ్ల తరబడి సాధన లేనిదే అవి రావు. ఇప్పుడు మైకు అన్నలకు మాత్రం ప్రతి మండలంలో ఇద్దరు ముగ్గురు 'రెండో కోడి రామ్మూర్తులు' దొరుకుతున్నారు. మొదటి రామ్మూర్తి ఒక్కడే, రెండో రామ్మూర్తులు మాత్రం ఓటరు లిస్టు అంత ఉన్నారు. వీళ్లలో ఎవరైనా మూడో రామ్మూర్తినని ఒప్పుకుంటే ఆ నిజాయితీకి ముందు బహుమతి ఇవ్వాలి.

గుండు తర్వాత రెండో ఐటం ట్రాక్టరు లాగుడు. దీని గురించి కాస్త నిదానంగా మాట్లాడాలి, ఎందుకంటే ఇందులో ఎత్తుడు ఉండదు, ఏమార్చుడే ఉంటుంది. ట్రాక్టరు బరువు రెండు టన్నులు. 'రెండు టన్నులు లాగినాడు' అని అరుస్తారు. తాడు మీద పడే లాగుడు రెండు టన్నులు కాదు నాయనా. న్యూట్రల్‌లో పెట్టి, టైర్లలో గాలి బాగా కొట్టి, చదునైన తారురోడ్డు మీద వదిలితే చక్రం దొర్లడానికి కావాల్సిన బలం బరువులో నూటికి ఒకటో రెండో వంతు. అంటే ఇరవై నుంచి నలభై కిలోల లాగుడు. బావిలోంచి నీళ్ల బకెట్టు చేదే ఆడమనిషి చేతులకు తెలియనిది కాదు అది. కదిలించే మొదటి క్షణం కష్టం, ఆ తర్వాత ట్రాక్టరే మనిషిని తోలుకొస్తుంది. అందుకే ఆర్టీసీ బస్సు ఆగిపోతే నలుగురు దిగి తోస్తే కదులుతుంది. ఆ లెక్కన కండక్టరు 'దిగండయ్యా, తోయండయ్యా' అన్నప్పుడల్లా చెప్పులు సర్దుకుని దిగిన ప్రతి ప్రయాణికుడూ స్ట్రాంగ్ మ్యానే, టిక్కెట్టు వాపసు ఇచ్చి మెమెంటో ఇవ్వాల్సింది.

ఇది చదును రోడ్డు సంగతి. మన పక్క చదును రోడ్డు ఎక్కడుంది? ఎటు చూసినా మిట్టా పల్లమే. నూరడుగుల దూరంలో ఒక్క అడుగు వాలు ఉన్నా చాలు, ఆ ఇరవై కిలోల లాగుడు కూడా మాఫీ. కమిటీవాళ్లు పోటీకి ముందు రోజు మోటారుసైకిలు న్యూట్రల్‌లో వదిలి ఏ వైపు దొర్లుతుందో చూసుకుంటారని ఒకాయన చెప్పాడు. నిజమో కాదో గానీ, నేను చూసినంతలో తాడు పట్టినవాడి మొహం ఎప్పుడూ పల్లం వైపే ఉంటుంది. రోడ్డు ఎటు వాలితే భీముడు అటు నడుస్తాడు. పళ్లతో లాగేవాళ్లు, జుట్టుతో లాగేవాళ్లు కూడా వచ్చారిప్పుడు. పంటి డాక్టరుకు మాత్రం ఆహ్వానపత్రిక పంపరు.

ఇక ట్యూబులైట్లు ఒంటి మీద పగలగొట్టుకోవడం, గుండెల మీద రాతిపలక పెట్టి సమ్మెటతో కొట్టించుకోవడం. ట్యూబులైట్లో పాదరసం ఉంటుంది, అది పగిలితే పొడి గాల్లో కలుస్తుంది, ముందు వరసలో కూర్చున్న చిన్నపిల్లలు పీలుస్తారు. రాతిపలక సంగతి ఇంకా తమాషా. పలక ఎంత బరువైతే కింద ఉన్నవాడికి అంత క్షేమం. సమ్మెట దెబ్బను బరువైన పలకే మింగేస్తుంది, పగలడానికే ఆ శక్తి ఖర్చవుతుంది. పల్చటి పలక పెట్టించుకున్నవాడికే నిజంగా ప్రాణగండం. కానీ జనం బరువైన పలకకే ఈలలేస్తారు. అంటే ఇక్కడ ధైర్యానికి చప్పట్లు లేవు, చప్పట్లన్నీ జాగ్రత్తకే. మన దగ్గర జాగ్రత్తకు చప్పట్లు పడే చోటు ఇదొక్కటే కాబోలు.

ఈ మైకు లెక్కల మధ్య సిడ్నీ ఒలింపిక్స్‌ను తలుచుకోవాలి. 2000 సెప్టెంబరు 19. మన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ రోజు స్వర్ణం వచ్చిన చైనా అమ్మాయి లిన్ వైనింగ్ ఎత్తింది 242.5. వెండి వచ్చిన హంగరీ ఆమెదీ 242.5. ఇద్దరూ సమానంగా ఎత్తితే ఒంటి బరువు ఎవరిది తక్కువో చూసి బంగారం ఇచ్చారు. అంటే మన మల్లీశ్వరికీ బంగారానికీ మధ్య ఉన్నది రెండున్నర కిలోలు. ఒక బుట్టలో టమాటాలు కాస్త ఎక్కువ పోస్తే ఆ తేడా వస్తుంది. ఆ బంగారం కోసం ఆ అమ్మాయి 137.5కు పోయి చివరి ప్రయత్నం చేసింది. కుదరలేదు. ఎంత ఏడ్చి ఉంటుందో!

మన జాతరలో ఒక మైకుకూ ఇంకో మైకుకూ ఉండే తేడా ఇరవై అయిదు కిలోలు. మల్లీశ్వరి పోటీ మన కమిటీవాళ్లు జరిపి ఉంటే ముగ్గురికీ బంగారమే ఇచ్చేసేవాళ్లు, ముఖ్య అతిథికి తొందరగా వెళ్లాలని చెప్పి.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి. మల్లీశ్వరి పేరు చెప్పి చప్పట్లు కొట్టించే అదే మైకు, 'మహిళలకు ముగ్గుల పోటీ, మ్యూజికల్ చైర్స్' అని ప్రకటిస్తుంది. మల్బరీ తోటలోంచి ఆకు మోపు నెత్తిన పెట్టుకుని పట్టు షెడ్డు దాకా రోజుకు ఎన్ని సార్లు తిరిగినా లెక్క పెట్టేవాడు లేడు. పచ్చగడ్డి మోపు దించేటప్పుడు మెడ ఎంత నొప్పి పెడుతుందో మోసినామెకే ఎరుక. సంక్రాంతి రోజు ఆమె చేతికి ముగ్గుపిండి ఇచ్చి, 'అమ్మా, నీ కళను చూపించు' అంటారు. బలం చూపించమంటే ఆ మగమహారాజుల గుండు ఏమైపోతుందోనని భయం.

మోత మాట వచ్చింది కాబట్టి పుంగనూరు ఆవు సంగతి కూడా ఒకటి మనసులో మెదులుతోంది. క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దంలో మైలో అనే గ్రీకు మల్లుడు దూడను రోజూ భుజానికెత్తుకుని తిరిగి, అది ఎద్దయ్యేదాకా మోశాడని కథ. మైలో మన పుంగనూరులో పుట్టి ఉంటే ఆయన సాధన ఎంత సులువయ్యేదో! మూడడుగుల అటూ ఇటూ ఎత్తు, ఎదిగినా రెండు వందల కిలోలు దాటని ఆవు. మన కమిటీ ఆ ఆవుకు ఆరొందల కిలోలు కట్టేది, అది వేరే సంగతి.

పొరుగు నేలల్లో ఇదే రాయికి వేరే పని ఉంది. మాకు ఒక పక్క కృష్ణగిరి, ఇంకో పక్క కోలారు. తమిళ పల్లెల్లో ఇళవట్టక్కల్లు అనే గుండు ఉంటుంది, అది ఎత్తినవాడికే పిల్లనిచ్చేవాళ్లని చెప్పుకుంటారు. కన్నడ సీమలో సంగ్రాణి కల్లు. ఇంకా దూరం పోతే ఐస్‌లాండ్‌లో ఒక సముద్రతీరంలో నాలుగు రాళ్లున్నాయి, 154, 100, 54, 23 కిలోలు. ఒకప్పుడు చేపల పడవ మీద పనికి వచ్చినవాడు ముందు ఆ రాళ్లెత్తాలి. 100 కిలోల రాయి 'సగం బలవంతుడి' రాయి. కనీసం 54 కిలోల రాయినైనా నడుము దాకా లేపలేనివాడికి పడవలో చోటు ఉండేది కాదు. అంటే అక్కడ రాయి కూలి ఇప్పించేది. బరువు అబద్ధం చెబితే నడిసముద్రంలో వల లాగేవాడు లేక పడవంతా మునుగుతుంది. అందుకని అక్కడెవడూ రాయి బరువు పెంచి చెప్పుకోలేదు.

మన దగ్గర బరువు మోసి కూలి తెచ్చుకునేవాళ్లు పోటీల్లో కనబడరు. వాళ్లకు తీరిక లేదు. సిమెంటు లారీ ఒకటి వచ్చి షాపు ముందు ఆగిందనుకోండి. నాలుగు వందల బస్తాలు, ఇరవై టన్నులు. నలుగురు హమాలీలు దింపితే ఒక్కొక్కరి వీపు మీదుగా అయిదు టన్నులు పోతుంది, అదీ మధ్యాహ్నం లోపు. తలకు చుట్టిన తువ్వాలు, మెడ మీద సిమెంటు, మధ్యలో ఒక టీ. మగమనిషి చేత మోయించే బరువు 55 కిలోలకు మించితే తగ్గించే దారి చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. బస్తా యాభై కాబట్టి మనం ఆ సిఫారసును గౌరవించినట్టే. రోజుకు ఎన్ని బస్తాలన్నది సిఫారసులో చదివినవాడు లేడు. ఆ హమాలీకి ఎవరూ శాలువా కప్పరు. కప్పినా సిమెంటు అంటుకుంటుందని వాడే వద్దంటాడు. తెల్లవారుజామున కుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి ఇటుకలు మోసి రాత్రికి తిరిగొచ్చేవాళ్లున్నారు, వాళ్లలో కొందరు ఒకప్పుడు జాతరలో గుండెత్తినవాళ్లే. 'ఎంత ఎత్తినావన్నా అప్పుడు?' అంటే నవ్వి, 'అదేం లెక్కలే, ఈడ రోజూ ఎత్తతానే ఉండా' అంటాడు.

పోటీలు మానేయమని చెప్పడం లేదు. జాతరలో గుండెత్తకపోతే జాతర చప్పగా ఉంటుంది. ఎత్తనివ్వండి, ఎత్తినవాడికి ఈలలు వేయండి, నేనూ వేస్తాను. ఒక్క పని చేయండి. పోటీ మొదలయ్యేముందు టమాటా మండీలోంచి ఎలక్ట్రానిక్ కాటా ఒకటి అద్దెకు తెచ్చి గుండును దాని మీద పెట్టండి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా. ఎర్ర అంకెలు అందరికీ కనబడేట్టు తిప్పి పెట్టండి. 68.4 అని వచ్చిందనుకోండి, మైకులో 68.4 అనే చెప్పండి. ఎత్తిన పిల్లోడి పేరు పక్కన ఆ అంకె రాసి గుడి గోడకు రంగుతో కొట్టించండి. వచ్చే ఏడాది ఇంకొకడు 70 ఎత్తితే దాని కింద రాయండి. పదేళ్ల తర్వాత ఆ గోడ ముందర నిలబడి చూసేవాడికి మన ఊరి బలం ఎంతో, ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో అర్థమవుతుంది.

ఈ మాట ఒక కమిటీ పెద్దతో అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. 'కాటా పెడితే మాత్రం ఏం లాభమప్పా? ఎవరూ రారు చూడను' అన్నాడు. మళ్లీ కాస్త ఆగి, 'అయినా ఆ కాటావోడు కూడా తరుగు తీస్తాడేమో' అన్నాడు. అప్పుడు అరవై కిలోల గుండు యాభై అయిదుకు వస్తుంది. మండీ కాటా మీద నమ్మకం ఆ స్థాయిలో ఉంది మరి, ఆయన్ను అనడానికి లేదు.

బహుమతుల సంగతి చెప్పి ముగిస్తాను. ఈ మధ్య ఒక పోటీలో మొదటి బహుమతి పదివేల నూట పదహార్లు అని మైకులో వినబడింది. రెండోది అయిదువేల నూట పదహార్లు. దాతల పేర్లు మూడేసి సార్లు చదివారు, వాళ్ల తాతల పేర్లతో సహా. గెలిచిన పిల్లోడికి వేదిక మీద ఒక కవరిచ్చి ఫొటో తీశారు. కవరు లోపల ఆహ్వానపత్రిక కాగితం ఒకటుంది, ఫొటోకు మందంగా కనబడాలని పెట్టినది. డబ్బులు దాత బెంగళూరు నుంచి ఫోన్‌పే చేస్తాడంట. పిల్లోడు నంబరిచ్చాడు. రెండు రోజుల తర్వాత వచ్చింది మూడువేలు. మిగతాది ఏమైందని అడిగితే షామియానా, డీజే, శాలువాలు, భోజనాల ఖర్చు పట్టుకున్నామన్నారు. పదహార్లు మాత్రం ఇంకా రావాలి, చిల్లర లేదంట.